కాపుసారాయేనంట

అనకాపల్లి దగ్గర తుమ్మపాల దాటి చెరకు మళ్ళ మధ్య నుంచి లోపలికి వెళ్తే వచ్చే ఆ చిన్న ఊళ్ళో, కాపుసారా అన్న మాట వినబడితే ముసలివాళ్ళకి ఇప్పటికీ ఒకే మనిషి గుర్తొస్తుంది. ఆమె పేరు చిన్నమ్మలు.

పెళ్ళయి ఆ ఊరు వచ్చాక అత్త దగ్గర నేర్చుకుంది సారా కాయడం. గానుగల దగ్గర పాకం మాడిపోయి, అనకాపల్లి బజార్లో ఎవరూ కొనని నల్లబెల్లం చవగ్గా దొరికేది. దాన్ని తెచ్చి, కుండలో నీళ్ళు పోసి, తుమ్మచెక్క వేసి ఊట పెట్టేవారు. ఊట పులిసి బుడగలు కట్టేక పొయ్యి మీదకెక్కించి, పైకెక్కిన ఆవిరిని చల్లార్చి చుక్కచుక్కగా పట్టేవారు. మంట ఎక్కువైతే మాడువాసన, తక్కువైతే ఉత్తి నీళ్ళు. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి కన్ను తిప్పడానికి లేదు.

"కాయటమంటే మంట మీద కాయటం ఒక్కటే కాదే, కాపలా కాయటం కూడాను. అందుకే దీన్ని కాపన్నారు," అనేది అత్త. అది నిజమో కాదో గానీ చిన్నమ్మలు ఆ మాటని మనసులో పెట్టుకుంది. మొదట పడే సారాని అత్త ఎప్పుడూ నేల మీద పారబోయించేది. అది మనిషి తాగేది కాదనేది. ఎందుకో ఆవిడకీ తెలీదు. వాళ్ళ అత్త అలా చేయించింది, ఈవిడా అలా చేయించింది.

నూకాలమ్మ పండక్కి, చావు దినాలకి, పొలం పనులైపోయిన రోజు కూలీలకి సారా చిన్నమ్మలు ఇంటినుంచే వెళ్ళేది. బాలింత నడుముకి రుద్దడానికి కూడా చిన్న సీసాతో వచ్చి పట్టుకెళ్ళేవారు. మగాళ్ళు ఏ ఊరి సారా అయినా రుచి చూసి, "బాగానే ఉంది గానీ, సిన్నమ్మలు కాపు కాదురా మావా," అనేవాళ్ళు.

సారా వద్దంటూ ఆడవాళ్ళు వీధుల్లోకొచ్చిన రోజులవి. ఈ ఊళ్ళోనూ ఓ పొద్దున్న రోకళ్ళు పట్టుకుని చిన్నమ్మలు వీధరుగు దాకా వచ్చేరు. ఎవరూ తిట్టలేదు. ముందు నిలబడ్డ ఆమె మొహం మీద కమిలిపోయిన మచ్చ ఒకటి ఉంది. "నీ కుండలో పడ్డ సుక్కే వదినా, మా ఇళ్ళల్లో దెబ్బై పడతంది," అంది ఆమె. చిన్నమ్మలు లోపలికి వెళ్ళి, కాగుతున్న కుండని మసిగుడ్డతో పట్టుకొచ్చి వీధిలో పడేసింది. మిగిలినవాటిని రోకళ్ళకి వదిలేసింది. మొగుడు వీరన్న ఆ సాయంత్రమే చెరకు నరకడానికి కూలి మాట్లాడుకొచ్చేడు ఇద్దరికీ.

తర్వాత ఆమె మళ్ళీ కాయలేదు. వీరన్న పక్షవాతంతో పోయినప్పుడు, చేతిలో ఏమీ లేనప్పుడు కూడా కాయలేదు. కానీ పేరు మాత్రం పోలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే, "సాల్లేరా, సిగ్గునేదు," అని కసురుకునేది. కసురుకుంటూనే మూతి చివర చిన్న నవ్వొకటి వచ్చేది. తాను చేసినది చెడ్డపనని ఒప్పుకుంది. చేతకాని పని మాత్రం కాదు కదా అని లోపల ఉండేది.

చుట్టుపక్కల కాసేవాళ్ళు ఒక్కొక్కరే మానేసేరు, కొందరు చచ్చిపోయేరు. మాట మాత్రం మిగిలింది. దుకాణంలో కాకుండా చాటుగా వాటర్ బాటిల్లోనో, కవర్లోనో ఏది అమ్మినా దాన్ని కాపుసారా అనడం మొదలుపెట్టేరు. ఎవరు కాసేరు, ఎక్కడ కాసేరు, అసలు కాసేరా లేదా అని అడిగేవాళ్ళు లేరు.

చిన్నమ్మలుకి ఒక్కడే కొడుకు, పైడిబాబు. నలభైకి దగ్గర పడుతున్నాడు. పరవాడలో ఒక కంపెనీలో కాంట్రాక్టు కూలీగా లోడింగు పని. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళ్ళి, పొద్దుగుంకేక వచ్చేవాడు. పెళ్ళాం దుర్గాలక్ష్మిది ఎస్. రాయవరం వైపు ఊరు. మాట తక్కువ, పని ఎక్కువ. వాళ్ళకి ఒక కూతురు రాజశ్రీ, హైస్కూల్లో చదువుతోంది. పైడిబాబు తాగుబోతు కాదు. జీతాలొచ్చిన వారం ఒకసారి, పండగకొకసారి. తాగినా ఇంట్లో చెయ్యెత్తిన రోజు లేదు. తాగొచ్చినప్పుడు నవ్వు ఎక్కువయ్యేది, అంతే.

మాఘమాసం ఆదివారం. ఊరి చుట్టూ బెల్లం వంటలు జోరుగా సాగుతున్నాయి. తనతోపాటు కంపెనీలో పనిచేసే అయ్యప్పని కలవడానికి పైడిబాబు మధ్యాహ్నం అనకాపల్లి వెళ్ళేడు. అయ్యప్పది సముద్రం ఒడ్డు ఊరు, వేట మానేసి పెళ్ళాం కొర్లమ్మతో టౌన్లో అద్దె గదిలో ఉంటున్నాడు. చీకటి పడకముందే పైడిబాబు ఇంటికొచ్చేడు. వస్తూనే గుమ్మంలో చెప్పులు విడిచి తల్లి పక్కన కూర్చున్నాడు.

"తాగేవా?" అంది చిన్నమ్మలు.

"తిట్టకే అమ్మా. ఇయ్యాల తాగింది ఏటనుకున్నావ్? కాపుసారా. నానాజీ అని ఒకడున్నాడు, ట్యాంకర్ నడుపుతాడు. ఆడు తెచ్చేడు. అసలైందంట. పాత పద్ధతిలో కాసిందంట. తాగుతుంటే నువ్వే గుర్తొచ్చేవే."

చిన్నమ్మలు ముందుకు వంగి కొడుకు నోటి దగ్గర వాసన చూసింది. కాపుసారాకి రెండు వాసనలుంటాయి. బెల్లం పులిసిన వాసన ఒకటి, కట్టెల పొగ ఒకటి. మూడు దశాబ్దాలు దాటినా ఆమె ముక్కు ఆ రెండింటినీ మర్చిపోలేదు. కొడుకు నోట్లోంచి మిరపకాయ బజ్జీ వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

"వాసన నేదేటిరా?"

"ఇప్పుడలాగే కాత్తన్నారంటమ్మా. వాసనొత్తే పోలీసోళ్ళు పట్టేత్తారు కదా."

ఆ జవాబు ఆమెకి సరిగ్గానే అనిపించింది. కాలం మారింది, కాయడమూ మారి ఉంటుంది. పైగా కొడుకు అన్న ఆ మాట, తాగుతుంటే నువ్వే గుర్తొచ్చేవన్న మాట, లోపల ఎక్కడో వెచ్చగా తగిలింది. "సాల్లే, కూడు తిని పడుకో," అని మజ్జిగన్నం కలిపి పెట్టింది. పైడిబాబు కూతురితో హోంవర్కు గురించి ఏదో పరాచికం ఆడి, నవ్వుతూనే పడుకున్నాడు.

తెల్లారి బస్సు టైముకి లేవలేదు. దుర్గాలక్ష్మి లేపితే తల పట్టుకుని కూర్చున్నాడు. తల బద్దలైపోతోందన్నాడు. కడుపులో తిప్పుతోందన్నాడు. మొహం కడుక్కోడానికి చెంబు కోసం చెయ్యి చాపితే చెయ్యి చెంబు పక్కకి వెళ్ళింది. అది దుర్గాలక్ష్మి చూసింది.

వంటింట్లోకొచ్చి అత్తతో మెల్లగా అంది. "అత్తా, మావకి ఏటో బాగోనేదు. సూపు అదోలాగుంది. ఆసుపత్రికి తీసుకెల్దాం. ఆటోకి ఫోన్ సేత్తాను."

"దేనికే? రాత్రి తాగేడు కదా, తలపోటు. మజ్జిగిచ్చి పడుకోబెట్టు."

"ఎప్పుడూ ఇలా అవనేదత్తా."

"ఎప్పుడూ తాగేది దుకాణం సరుకు. ఇది కాపుసారాయేనంట. అలవాటునేని ఒళ్ళు, తల తిప్పుద్ది. నేనెరగనేటి? ఎంతమందికి పోసేను నా సేత్తో! ఒక్కడికైనా ఏటైనా అయ్యిందా? మద్దినేళకి లెగిసి కూకుంటాడు సూడు. ఆసుపత్రికెల్తే తాగేడని రాసేత్తారు. ఆ ముక్క కంపెనీలో తెలిత్తే రేపు గేటు దగ్గరే ఆపేత్తారు."

దుర్గాలక్ష్మి అయినా ఫోన్ తీసింది. చిన్నమ్మలు ఆమె చెయ్యి పట్టుకుంది. గట్టిగా కాదు, నెమ్మదిగానే. "ఒగ్గేయ్ అమ్మీ. నా మాటిను."

ఈ విషయంలో అత్త కంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. దుర్గాలక్ష్మి ఫోన్ పక్కన పెట్టి మజ్జిగ చిలకడానికి కూర్చుంది.

మజ్జిగ తాగినది తాగినట్టే కక్కేసేడు పైడిబాబు. కక్కేక కాస్త తేలికపడ్డట్టు కనిపించేడు. చిన్నమ్మలు ధైర్యంగా కోడలి వైపు చూసింది. కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని కణతలకి నూనె రాసింది. రాస్తూ పాత రోజుల కబుర్లు చెప్పింది. పసివాడిగా ఉన్నప్పుడు పొయ్యి దగ్గరకొచ్చి నిప్పులు ఊదేవాడని, కళ్ళల్లో పొగ పడి ఏడ్చేవాడని. అతను కళ్ళు మూసుకునే నవ్వేడు.

ఎండ నడినెత్తికొచ్చి వాలింది. పైడిబాబు కళ్ళు తెరిచి ఇల్లంతా చూసేడు.

"అమ్మా, ఏటే ఈ పొగ? బెల్లం వండుతున్నారేటి?"

చిన్నమ్మలు వాకిట్లోకి చూసింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఆ పూట దగ్గర్లో ఏ గానుగా నడవడం లేదు. పెరట్లో ఆరేసిన బట్టల రంగులు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"పొగెక్కడరా?"

"ఇల్లంతా కమ్మేసింది కదే. తెల్లగా. తలుపు తియ్యండి ఎవరైనా."

తలుపు తీసే ఉంది. చిన్నమ్మలు తన చెయ్యి అతని కళ్ళ ముందు ఆడించింది. రెప్ప పడలేదు. కోడలి వైపు చూసింది. దుర్గాలక్ష్మి అప్పటికే వీధిలోకి పరిగెడుతోంది.

ఆటోలో పైడిబాబు ఇద్దరి మధ్య కూర్చున్నాడు. ఊపిరి గట్టిగా, పరుగెత్తి వచ్చినవాడిలా తీస్తున్నాడు. తుమ్మపాల దగ్గర గేదెలు అడ్డమొచ్చి ఆటో ఆగింది. "అమ్మా, ఎటేపున్నావే?" అని చేత్తో తడుముకుంటూ తల్లి మొహం పట్టుకున్నాడు. "నీ మొకం అవుపడతన్నేదే," అన్నాడు. భయపడుతున్న మాటలా లేదు. ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టుంది.

అనకాపల్లిలో ఆసుపత్రికి చేరేసరికి అతనికి సరిగ్గా తెలివి లేదు. డ్యూటీలో ఉన్న డాక్టరు పేరు బిందుమాధవి. చిన్న వయసు. వచ్చీ రాగానే కళ్ళల్లో లైటు వేసి చూసింది, ఊపిరి తీరు చూసింది.

"ఏం తాగేడు?"

"కాపుసారా డాట్రమ్మా," అంది చిన్నమ్మలు. అంతటి భయంలోనూ ఆ మాట ఆమెకి ఒక ఊతంలా ఉంది. "కాపుసారాయేనంట. దానివల్ల ఇలా అవదు తల్లీ. ఇంకేటైనా అయ్యుంటాది సూడు."

"కాపుసారా అంటే?"

"ఇంట్లో కాసేదమ్మా. బెల్లం ఊట పొయ్యి మీదెట్టి కాత్తారు. మంట మీద కాగాల, ఆవిరెక్కాల, సల్లారాల, సుక్కలు పడాల. అదీ కాపు. నేను కాసినదాన్నే."

డాక్టరు నర్సుకి ఏదో చెప్పి, రక్తం తీయించి, మళ్ళీ ఆమె వైపు తిరిగింది. "ఎప్పుడు తాగేడు?"

"నిన్న మద్దినేళ."

"చూపు ఎప్పటినుంచి తగ్గింది?"

చిన్నమ్మలు చెప్పలేకపోయింది. దుర్గాలక్ష్మి చెప్పింది. "పొద్దున్నే డాట్రుగారూ. సెంబు అందుకోనేకపోయేరు."

"పొద్దున్నే ఎందుకు తీసుకురాలేదు?"

దుర్గాలక్ష్మి అత్త వైపు చూడకుండా తల తిప్పుకుంది. డాక్టరు మరి అడగలేదు. పనిలో పడిపోయింది.

అదే వార్డులో చివరి మంచం మీద అయ్యప్ప ఉన్నాడు. పక్కన కొర్లమ్మ. వీళ్ళని చూసి ఆమె లేచి వచ్చింది. "తెల్లారగట్ల కక్కుకున్నాడొదినా. నాకేటి తెలుసు? బయమేసింది. లుంగీ మీదే ఆటోలో ఏసుకొచ్చేసేను. మీకు సెబుదామంటే మీ నంబరు నాకు తెల్దు. ఈడి ఫోన్లోంచి సేత్తే మీ ఆయన ఫోనెత్తనేదు." పైడిబాబు ఫోన్ చార్జింగు అయిపోయి ఇంట్లో మంచం కింద పడి ఉంది. అయ్యప్ప కళ్ళకి మసక ఉందిగానీ మనిషి మాట్లాడుతున్నాడు. ప్రాణానికి గండం గడిచిందన్నారు.

కాసేపటికి డాక్టరు ఇద్దరినీ పక్కకి పిలిచి కూర్చోబెట్టింది. తనూ కూర్చుంది.

"అమ్మా, అతను తాగింది సారా కాదు. మిథనాల్ అంటారు. ఫ్యాక్టరీల్లో వాడే స్పిరిట్. చూడ్డానికి సారాలాగే ఉంటుంది. తాగినప్పుడు నిషా ఎక్కినట్టే ఉంటుంది. ఒంట్లోకెళ్ళేక విషమవుతుంది. ముందు కళ్ళు పోతాయి. రక్తం శుభ్రం చెయ్యాలి, ఆ మిషను కోసం విశాఖపట్నం పంపిస్తున్నాం. ఈలోగా విరుగుడు మొదలుపెట్టేం."

నర్సు గొట్టంలోంచి ఎక్కిస్తున్న మందు వాసన చిన్నమ్మలు ముక్కుకి తగిలింది. ఆమె తల తిప్పి చూసింది. "అదేటమ్మా?"

"మామూలు తాగే సారాలో ఉంటుందే, అదే పదార్థం. లెక్క ప్రకారం మేం ఇస్తే ఆ విషాన్ని అడ్డుకుంటుంది. టైముండగా ఇస్తే."

"అంటే... సారాయే మందా తల్లీ?"

"ఆసుపత్రిలో, లెక్కగా ఇస్తే. అవునమ్మా."

చిన్నమ్మలు నేల వైపు చూస్తూ కూర్చుంది. అసలు సారా అయ్యుంటే పొద్దున్నే లేచి బస్సెక్కేవాడు. కాకపోయినా, పొద్దున్నే తెచ్చుంటే ఆ సారాయే కాచేది. ఆమె నమ్మింది ఏదీ అబద్ధం కాదు. పేరొక్కటే అబద్ధం.

అంబులెన్సులో ఒక్కరికే చోటన్నారు. దుర్గాలక్ష్మి ఎక్కింది. తలుపు వేసేముందు చిన్నమ్మలు కొడుకు పాదం పట్టుకుంది. పాదం చల్లగా ఉంది. కంపెనీ బూట్లలో నాని తెల్లబడ్డ వేళ్ళు. దుప్పటి లాగి కప్పింది.

లంకెలపాలెం దాటకముందే ఊపిరి ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. చిన్నమ్మలుకి ఫోన్ లేదు, అంబులెన్సు ఎక్కేముందు నంబరు తీసుకున్న దుర్గాలక్ష్మి కొర్లమ్మకి చేసింది. ఆమె చెప్పకుండా ఏడవడం మొదలుపెట్టింది. చిన్నమ్మలు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఎవరి గురించో విన్నట్టు, "ఎవరికేటైంది? ఎవరికేటైంది?" అని అడుగుతూనే ఉంది.

నానాజీ దగ్గర తాగినవాళ్ళలో పైడిబాబుతో కలిపి ముగ్గురు చచ్చిపోయేరు. నానాజీ దొరికిపోయేడు. ఎక్కడో ట్యాంకర్లోంచి దొంగతనంగా తోడిన స్పిరిట్లో నీళ్ళు కలిపి అమ్మేడని పోలీసులు తేల్చేరు. కానీ అది తేలేలోపు వాళ్ళు చిన్నమ్మలు ఇంటికీ వచ్చేరు. శవం ఇంకా ఆసుపత్రి నుంచి రాలేదు.

"ఈ చుట్టుపక్కల కాపుసారా ఎవరు కాస్తారంటే అందరూ నీ పేరే చెప్తున్నారు," అన్నాడు ఎస్సై. పెరడంతా చూసేరు. గోడ పక్కన మన్ను తవ్వేరు. పొరుగింటి తాతబ్బాయి అడ్డుపడి, "ఆమె మానేసి ఒక తరం అయిపోనాది సార్. సచ్చిపోయింది ఆమె కొడుకే సార్," అని బతిమాలేడు. రాజశ్రీ గుమ్మంలో నిలబడి, తవ్విన గుంటల వైపు చూసి, "నానమ్మా, కాపుసారా అంటే ఏటి?" అని అడిగింది. చిన్నమ్మలు ఆ పిల్లని లోపలికి లాక్కుని తలుపు దగ్గరకేసింది.

విలేకరి మర్నాడు, దహనం అయ్యేక వచ్చేడు. కాపుసారా కాటుకు ముగ్గురు బలి అని అప్పటికే పేపర్లో వచ్చేసింది. ఇంటి ముందు జనం ఉన్నారు. చిన్నమ్మలు లేచి అతని దగ్గరకు వెళ్ళింది.

"ఆ మాట రాయకండి బాబూ. అది కాపుసారా కాదు. దాన్ని ఎవరూ కాయనేదు."

"అందరూ అదే అంటున్నారు కదా మామ్మా. జనానికి తెలిసిన మాట రాస్తేనే అర్థమవుతుంది."

"జనానికి తెలిసిన మాటేనయ్యా నా కొంప తీసింది!" ఆమె గొంతు వీధి చివరిదాకా వినబడింది. "కాపుసారాయేనంట అన్నాడు నా కొడుకు. కాపుసారా అయితే బయం నేదన్నాను నేను. నా కోడలు ఆసుపత్రికి తీసుకెల్దామంటే సెయ్యి పట్టుకుని ఆపేను. వాసన నేదని నాకు తెలిసింది. ఈ ముక్కుకి తెలిసింది. తెలిసీ పడుకోబెట్టేను. రాయి బాబూ, ఇది రాయి. ఆ మాట విని ఇంకెవరినీ ఇంట్లో పడుకోబెట్టొద్దని రాయి."

అతను తల ఊపేడు. రాసేడో లేదో ఎవరికీ తెలీదు. తర్వాత వచ్చిన పేపర్లలో మాత్రం కాపుసారా మృతుల కుటుంబాలు అనే ఉంది.

లోపల గోడకి ఆనుకుని దుర్గాలక్ష్మి అదంతా వింది. దినాలు అయిపోయేక పుట్టింటివాళ్ళు వచ్చి రమ్మన్నారు. అమ్మాయి చదువు మధ్యలో ఉందని వెళ్ళలేదు. పరవాడలో ఒక కంపెనీ క్యాంటీన్లో పనికి కుదిరి, మొగుడెక్కిన చోటే బస్సెక్కడం మొదలుపెట్టింది. ఇంట్లో అత్తకి అన్నం పెట్టేది. జ్వరమొస్తే మాత్రలు తెచ్చేది. "అత్తా" అని పిలవడం మాత్రం మానేసింది. ఏదైనా చెప్పాలంటే కూతురితో చెప్పించేది.

ఒక్కసారి మాత్రం నోరు విప్పింది. చిన్నమ్మలు అన్నం ముట్టకుండా మూడు పూటలు ముసుగు పెట్టి పడుకున్నప్పుడు, కంచం తెచ్చి పక్కన పెట్టి అంది: "నీకు సావాలనుంది, నాకు తెలుసు. నాకు మాత్రం నీ మీద కోపం తెచ్చుకోడానికి కూడా కుదరట్లేదు. నీ మాట నేనూ నమ్మేను. ఫోను నా సేతిలోనే ఉంది. తిను." అని వెళ్ళిపోయింది. చిన్నమ్మలు లేచి తింది. ఆ మాట మీద ఎదురు చెప్పే అర్హత కూడా తనకి లేదనిపించింది.

వానలు మొదలయ్యేయి. ఒకరోజు పొద్దున్న తాతబ్బాయి పెళ్ళాం అప్పలకొండమ్మ పెరటి దడి దగ్గరకొచ్చి పిలిచింది. "పిన్నీ, మా ఆయన రాత్రి తాగొచ్చేడు. లెగడం నేదు. తలపోటంటన్నాడు. కాపుసారాయేనంట. నిమ్మకాయ నీళ్ళియ్యనా?"

చిన్నమ్మలు ఆ మాట వింటూనే దడి దాటేసింది. దారి ఎటుందో చూసుకోలేదు, ముళ్ళు గీరుకుని చేతికి రక్తమొచ్చింది. తాతబ్బాయి మంచం మీద అడ్డంగా పడి ఉన్నాడు. "లెగరా!" అని జుట్టు పట్టుకుంది. "నా మొకం అవుపడతందా? ఇవి ఎన్ని వేళ్ళు? సెప్పరా!" అతను విసుక్కుంటూ ఏదో గొణిగేడు. "సెప్తావా నేదా?" అని చెంప మీద కొట్టింది. అప్పలకొండమ్మ అడ్డొచ్చింది. "ఆటో పిలు. బేగి పిలు," అని ఆమెనీ తోసేసింది.

వాన పడుతుంటే, అరుగుల మీద జనం చూస్తుంటే, ఆ ముసలామె ఆ మనిషిని రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ ఆటో ఎక్కించింది. దారి పొడుగునా అతనికి నిద్ర పట్టనివ్వలేదు. కళ్ళు మూసినప్పుడల్లా గిల్లింది. ఆసుపత్రిలో పరీక్ష చేసి, ఏమీ లేదు, తాగింది దిగలేదంతే, తీసుకెళ్ళమన్నారు. తాతబ్బాయి దారంతా తిట్టేడు. అనకాపల్లిలో తెలిసినవాళ్ళ ముందు పరువు తీసిందన్నాడు. అప్పలకొండమ్మ కూడా మొహం చిట్లించుకునే ఉంది.

చిన్నమ్మలు తడిసిపోయి ఇంటికి వచ్చేసరికి దుర్గాలక్ష్మి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ రోజు క్యాంటీన్ సెలవు. జరిగింది ఎవరో చెప్పినట్టున్నారు. తువ్వాలు అందించింది. అత్త చెయ్యి మీద ముళ్ళ గీతలు చూసి పసుపు తేవడానికి లోపలికి వెళ్ళింది. తెచ్చి, అత్తని గుమ్మంలోనే కూర్చోబెట్టి తనూ కూర్చుని రాస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఏటన్నారత్తా?"

చాలా రోజుల తర్వాత ఆ పిలుపు.

"ఏటీ నేదన్నారమ్మీ. ఉత్త సారాయేనంట."

దుర్గాలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. మొగుడు పోయిన రోజు కూడా ఆమె ఇంత ఏడవలేదు. ముందు గుండెల్లోంచి ఒక ఎక్కిలి వచ్చింది, ఆ వెనక ఏడుపంతా వచ్చింది. "ఉత్త సారా అయ్యుంటే సాలు కదత్తా," అంది. "మావ తాగిందీ ఉత్త సారా అయ్యుంటే సాలు కదా."

చిన్నమ్మలు ఓదార్చడానికి చెయ్యి ఎత్తింది గానీ ఆ చెయ్యి కోడలి భుజం మీద వెయ్యడానికి ధైర్యం చాల్లేదు. గాల్లోనే ఉండిపోయింది. దుర్గాలక్ష్మి తనే ముందుకి వంగి ఆ పసుపు చేతి కింద తల పెట్టింది. బయట వాన పడుతూనే ఉంది. ఇద్దరూ అలా గుమ్మంలో కూర్చుని, ఆ మనిషి లేని ఇంట్లోకి వెళ్ళడానికి చాలాసేపు లేవలేదు.